స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకాలి

ప్రశ్న: సార్, మూడు వారాలుగా మా ఇంట్లో మెయిన్ బోర్డులోని ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి కారితే సరఫరా ఆపేసే స్విచ్) రోజుకు రెండు మూడుసార్లు పడిపోతోంది. ఒక్కోసారి అర్ధరాత్రి, అందరం నిద్రలో ఉన్నప్పుడు కూడా. పైకి లేపితే నిలుస్తుంది, ఏ ఏడెనిమిది గంటలకో మళ్లీ పడిపోతుంది. ఎలక్ట్రీషియన్ రెండుసార్లు వచ్చాడు. ఎంసీబీలు (ఒక్కో లైనుకు విడిగా ఉండే చిన్న సేఫ్టీ స్విచ్‌లు) ఒక్కొక్కటే ఆపి చూశాడు, ఏమీ దొరకలేదు. స్విచ్చే పాడైందని కొత్తది వేశాడు. అదీ పడిపోతోంది. ఇప్పుడు "అది తీసేసి డైరెక్ట్ ఇచ్చేస్తాను, ఈ గొడవ ఉండదు" అంటున్నాడు. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది. తీయించాలంటే భయం, ఉంచుకుంటే రోజూ టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: తీయించకండమ్మా. మిగతాదంతా తర్వాత, ముందు ఈ ఒక్క మాట వినండి. పాత స్విచ్ పడిపోయింది, కొత్తదీ పడిపోతోంది అంటే జబ్బు స్విచ్‌లో లేదని దాదాపు తేలినట్టే. ఇంట్లో ఎక్కడో కరెంటు దారి తప్పి ఎర్త్‌లోకి కారుతోంది. ఆ సంగతి పసిగట్టి చెబుతున్న ఒక్కగానొక్క వస్తువును తీసేస్తే కారడం ఆగదు. మీకు తెలియకుండా కారుతుంది, అంతే.

ఆ స్విచ్ చేసే పని ఒకటే. ఫేజ్ వైరులో ఎంత కరెంటు లోపలికి వెళ్లిందో, న్యూట్రల్‌లో అంతే తిరిగొచ్చిందా అని ఎప్పుడూ తూకం వేస్తూ ఉంటుంది. లెక్క తేడా వస్తే పడిపోతుంది. ఇళ్లలో సాధారణంగా వేసేది 30 మిల్లీ ఆంపియర్లది. అలాగని 30 వచ్చేదాకా ఆగుతుందనుకోకండి. 15 దాటాక ఎక్కడైనా పడిపోవచ్చు, తయారీ ప్రమాణమే అంత. ఎర్త్ పిన్ ఉన్న కంప్యూటర్లు, వాషింగ్ మెషిన్ లాంటివి బాగున్నప్పుడు కూడా ఒక్కొక్కటీ ఒక మిల్లీ ఆంపియర్ అటూ ఇటూగా ఎర్త్‌కి వదులుతుంటాయి. వాటిలోని ఫిల్టర్ల తీరే అది, లోపం కాదు. అన్నీ కలిసి పది పన్నెండుకు చేరిన ఇంట్లో, ఆ పైన ఏదైనా వస్తువు ఇంకొంచెం వదిలితే చాలు, స్విచ్ పడిపోతుంది.

ఎంసీబీలు ఆపి చూస్తే ఏమీ దొరకలేదన్నారు. వెతుకులాట తప్పింది అక్కడే. చాలా ఇళ్లలో ఎంసీబీ ఆపితే తెగేది ఫేజ్ ఒక్కటే. గోడ మీది ప్లగ్ పాయింట్ స్విచ్ ఆపినా అంతే. న్యూట్రల్, ఎర్త్ అలాగే కలిసి ఉంటాయి. లోపం న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఉంటే ఎన్ని ఎంసీబీలు ఆపినా అది అక్కడే ఉంటుంది. మిగతా గదుల్లో కరెంటు వాడుతున్నప్పుడు, న్యూట్రల్‌లో తిరిగి రావలసిన దాంట్లో కొంత ఆ తప్పుదారిలో ఎర్త్‌కి పోతుంది. వాడకం పెరిగేకొద్దీ అలా పోయేదీ పెరుగుతుంది. అందుకే పడిపోయినప్పుడు వేసి ఉన్న వస్తువు మీద అనుమానం వస్తుంది. దొంగ మాత్రం ఆపి ఉన్న గదిలో ఉంటాడు.

ఈ సంగతి నాకు ఒక ఇంట్లో రెండు రోజులు పోగొట్టుకుంటే గానీ అర్థం కాలేదు. గీజర్, మోటార్ రెండూ నడిచినప్పుడే పడిపోయేది. గీజర్ ఎలిమెంట్ మార్చాను. మోటార్ విప్పించాను. రెండూ బాగానే ఉన్నాయి. చివరికి మెయిన్ ఆపి, న్యూట్రల్ లింకులోంచి (న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీ) వైర్లన్నీ విప్పి, ఒక్కోదాన్ని ఎర్త్‌తో పెట్టి మెగ్గర్‌తో (ఎక్కువ వోల్టేజి పెట్టి లీకు ఉందా అని చూసే మీటరు) చూస్తే పడగ్గది వైరు దొరికింది. స్విచ్‌బోర్డు బిగించిన స్క్రూ ఒకటి న్యూట్రల్ వైరు తొడుగును కోసి ఇనుప పెట్టెకు తగులుతోంది. ఆ గదిలో అప్పుడు లైటు కూడా వెలగడం లేదు.

ఇక మీ ఇంటి సంగతి. మీరు రాసినదాంట్లో నాకు పట్టుకుంది "ఏడెనిమిది గంటలకో" అన్న మాట. ఎవరూ ఏదీ వేయని అర్ధరాత్రి, ఇంచుమించు ఒకే ఎడంతో పడిపోతోందంటే తనంతట తాను వేసుకుని ఆపుకునే వస్తువు ఏదో ఉందన్నమాట. నేనైతే ముందు ఫ్రిజ్‌ను చూస్తాను. మంచు పేరుకోని రకం ఫ్రిజ్‌లో ఆ మంచును కరిగించడానికి లోపల ఒక చిన్న హీటర్ ఉంటుంది. అది కొన్ని గంటలకోసారి కాసేపు వెలిగి ఆరిపోతుంది. హీటర్ గొట్టంలో పగులు వచ్చి తేమ చేరితే, అది వెలిగిన క్షణంలో స్విచ్ పడిపోతుంది. మళ్లీ లేపేటప్పటికి ఒక్కోసారి హీటర్ వంతు అయిపోయి ఉంటుంది కాబట్టి ఏమీ జరగనట్టు నిలుస్తుంది. ఎలక్ట్రీషియన్ వచ్చిన అరగంటలో అది వెలగకపోతే, పాపం, అతనికి ఎలా దొరుకుతుంది?

ఫ్రిజ్ ఖాళీ చేసి ఒక రోజంతా ప్లగ్ పీకి ఉంచండి. స్విచ్ ఆపడం కాదు, ప్లగ్ బయటికి రావాలి. ఆ రోజు ఒక్కసారి కూడా పడకపోతే, మళ్లీ పెట్టాక పడితే, ఫ్రిజ్ మెకానిక్‌ను పిలిచి "డీఫ్రాస్ట్ హీటర్ ఎర్త్ అవుతోందేమో మెగ్గర్ పెట్టి చూడండి" అని అడగండి. మామూలు మల్టీమీటర్ తక్కువ వోల్టేజితో చూస్తుంది కాబట్టి ఇలాంటి లీకు చాలాసార్లు దానికి అందదు.

ఫ్రిజ్ తీసినా పడిపోతే, ఇంట్లో ప్లగ్ ఉన్న ప్రతి వస్తువునూ పీకేయండి. అయినా పడితే లోపం వైరింగ్‌లోనో, గీజర్, ఏసీ, బయటి లైట్ల లాంటి నేరుగా కలిపినవాటిలోనో ఉంది. పడకపోతే ఒక్కోటే పెడుతూ, ప్రతిదానికీ కనీసం ఒక రోజు గడువివ్వండి. నీళ్లు వేడిచేసేవీ, ఇస్త్రీపెట్టె, వాషింగ్ మెషిన్ ముందు పెట్టండి, ఎక్కువగా దొరికేవి అవే. పడిపోయిన ప్రతిసారీ టైము, అప్పుడు ఏం నడుస్తోంది, వాన ఉందా అన్నది కాగితం మీద రాయండి. వాన తర్వాతే పడుతుంటే బయటి లైట్లనూ తడిగోడల్లోని బోర్డులనూ చూడాలి. మీరు చేయగలిగింది ఇంతవరకే. బోర్డు మూత మాత్రం మీరు విప్పకండి. న్యూట్రల్ లింకు విప్పి ఒక్కో వైరునూ 500 వోల్టుల మెగ్గర్‌తో చూడటం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పని. ఆ పరీక్షకు ముందు టీవీ, కంప్యూటర్ లాంటివన్నీ ప్లగ్ పీకి ఉండాలి, లేకపోతే అవి పాడవొచ్చు. ఫేజ్‌కైనా న్యూట్రల్‌కైనా ఎర్త్‌తో ఒక మెగాఓమ్ కన్నా తక్కువ చూపిస్తే ఆ వైరును వదిలిపెట్టకూడదు.

ఇంకొకటి. "ఎర్త్ పిన్ తీసేస్తే పడటం ఆగిపోతుంది" అని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. ఆగుతుంది నిజమే. కారే కరెంటు వెళ్లడానికి దారి లేక ఫ్రిజ్ ఒంటి మీదే నిలుస్తుంది. పాప వచ్చి తలుపు పట్టుకుంటే ఆ పాపే దారి అవుతుంది. 30 బదులు 100 మిల్లీ ఆంపియర్ల స్విచ్ వేస్తామన్నా వద్దనండి. అది నిప్పు ప్రమాదం తగ్గించడానికి పనికొస్తుంది గానీ, మనిషిని షాక్ నుంచి కాపాడేది 30దే.

ప్రశ్న: మా ఇంట్లో గదికో ఎంసీబీ ఉంది. ఆర్‌సీసీబీ కూడా అవసరమా?

జవాబు: అవసరమే. ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి గుండె లయ తప్పడానికి అందులో వందో వంతు లోపే చాలు, ఆ కాస్త ఎంసీబీ దృష్టికే రాదు.

ప్రశ్న: ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంది. నొక్కితే ఏమైనా అవుతుందేమోనని ఇంతవరకూ ముట్టుకోలేదు.

జవాబు: నొక్కండి. కంప్యూటర్‌లో పని ఏదైనా ఉంటే సేవ్ చేసుకుని నొక్కండి, ఇల్లంతా కరెంటు పోతుంది, మళ్లీ లేపితే వస్తుంది. మా ఇంట్లో నెలకోసారి నొక్కుతాను. ఏళ్ల తరబడి కదలకపోతే లోపలి భాగాలు బిగుసుకుపోయి, కావలసిన రోజున పడకపోవచ్చు. నొక్కినా పడలేదంటే అదే రోజు మార్పించండి. పడిందంటే లోపలి యంత్రం బాగుందని మాత్రమే అర్థం. మీ ఇంటి ఎర్త్ బాగుందో లేదో ఆ బటన్ చెప్పదు, అది విడిగా కొలిపించుకోవాలి. ఫేజ్ ఒక చేత్తో, న్యూట్రల్ ఒక చేత్తో పట్టుకున్న మనిషిని కూడా ఈ స్విచ్ గుర్తించలేదు. వెళ్లిన కరెంటంతా తిరిగొస్తోంది కాబట్టి దాని తూకంలో తేడా కనిపించదు.