ముందు చేతిలోకి, ఆ తర్వాత టీవీ మీదికి: గేమ్ చేస్తున్న అబ్బాయికి పిన్ని ఉత్తరం

నాన్నా,

మీ గేమ్ ముందు హ్యాండ్‌హెల్డ్, అదే చేతిలో పట్టుకుని ఆడే మెషీన్ మీద విడుదలవుతుందనీ, టీవీకి తగిలించే కన్సోల్ వెర్షన్ ఆ తర్వాతెప్పుడో వస్తుందనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. తనకి అందులో సగం అర్థం కాక కంగారు, నాకు మొత్తం అర్థమై కంగారు. సంతోషం లేదనుకోకు. మొదలుపెట్టిన గేమ్‌ని చివరిదాకా తీసుకొచ్చేవాళ్లు ఎంత తక్కువో నాకు తెలుసు. మెచ్చుకోళ్లు విడుదలయ్యాక చూసుకుందాం, ముందు పని సంగతి.

వరస మంచిదే ఎంచుకున్నారు. చిన్న మెషీన్‌లో ఇమిడిన గేమ్ పెద్దదాంట్లో ఎలాగూ ఇముడుతుంది. పెద్దదానికి కట్టినదాన్ని చిన్నదాంట్లో కూరాలంటేనే ఏడుపొస్తుంది. ఇదేం కొత్త దారి కాదు కూడా. గ్రాండ్ థెఫ్ట్ ఆటో: లిబర్టీ సిటీ స్టోరీస్ 2005 అక్టోబరులో చేతి మెషీన్ పీఎస్‌పీ మీద వచ్చి, 2006 జూన్‌లో టీవీ కన్సోల్ పీఎస్2 మీదికి వెళ్లింది. రెసిడెంట్ ఈవిల్ రెవెలేషన్స్ 2012 జనవరిలో 3డీఎస్ అనే చేతి మెషీన్ మీద, 2013 మేలో పెద్ద కన్సోళ్ల మీద. మాన్‌స్టర్ హంటర్ రైజ్ 2021 మార్చిలో స్విచ్ మీద వస్తే, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్‌లకి చేరేసరికి 2023 జనవరి అయింది.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. అసలు మెషీన్ మీదే పరీక్షించు, కంప్యూటర్ మీద నడిచిందని మురిసిపోకు. ఛార్జర్ పీకేసి, బ్యాటరీ మీద కనీసం రెండు గంటలు ఆపకుండా నడిపించు, వేడెక్కాక ఫ్రేమ్ రేటు (సెకనుకి తెర మీద గీసే బొమ్మల లెక్క) ఎంత పడుతుందో అప్పుడే తెలుస్తుంది. బ్యాటరీ లెక్క కూడా చూసుకో: వాల్వ్ కంపెనీ చేతి మెషీన్ స్టీమ్ డెక్ మొదటిదాంట్లో ఉన్నది 40 వాట్-అవర్ల బ్యాటరీ, మీ గేమ్ మొత్తంమీద 20 వాట్లు లాగితే రెండు గంటలకే తెర ఆరిపోతుంది. టచ్‌తో మాత్రమే జరిగే పని ఒక్కటి కూడా పెట్టకు, ప్రతిదానికీ బటన్ దారి ఉండాలి. టియర్‌అవే అనే గేమ్‌ని వీటా అనే చేతి మెషీన్ వెనకవైపు టచ్‌ప్యాడ్ చుట్టూ అల్లారు. 2015లో దాన్ని పీఎస్4కి తెచ్చేటప్పుడు ఉన్నదాన్ని ఉన్నట్టు కొత్త మెషీన్‌కి మార్చడం (పోర్ట్) సరిపోలేదు, చాలా భాగం మళ్లీ డిజైన్ చేయాల్సి వచ్చింది.

నిద్ర సంగతి తేలికైనదే గానీ అందరూ మర్చిపోతారు. హ్యాండ్‌హెల్డ్ ఆడేవాడు ఎక్కడ పడితే అక్కడ పవర్ బటన్ నొక్కి జేబులో పెట్టేసుకుంటాడు. లోడింగ్ మధ్యలో, సేవ్ మధ్యలో, కథ చెప్పే కట్‌సీన్ మధ్యలో, ఆన్‌లైన్ పోటీ మధ్యలో నొక్కి చూడండి. ఎనిమిది గంటల తర్వాత లేచిన గేమ్ 'గత ఫ్రేమ్ నుంచి ఎంత సమయం గడిచింది' అని చూసుకుంటే 28,800 సెకన్లు కనిపిస్తాయి. దాన్ని అలాగే ఫిజిక్స్‌కి, అంటే కదలికలు లెక్కేసే కోడ్‌కి ఇచ్చారంటే హీరో గోడలోంచి దూరి ఎటో వెళ్లిపోతాడు. ఆ విలువకి 0.1 సెకను దగ్గర అడ్డుకట్ట వేయండి.

ఫ్రేమ్ రేటు గురించి ఇంకాస్త చెప్పాలి. చిన్న మెషీన్ మీద సెకనుకి 30 ఫ్రేములు, అంటే ఫ్రేముకి 33.3 మిల్లీసెకన్లు. టీవీ వెర్షన్‌కి 60 కావాలంటారు, అంటే 16.7. గేమ్ లాజిక్‌ని ఫ్రేముకి ముడేస్తే రెండో వెర్షన్‌లో అన్నీ రెట్టింపు వేగంతో పరిగెడతాయి. డార్క్ సోల్స్ 2లో ఇలాంటిదే జరిగింది: 60 ఫ్రేములతో ఆడేవాళ్ల ఆయుధాలు 30తో ఆడేవాళ్లకంటే త్వరగా అరిగిపోయేవి. 'డెల్టా టైమ్‌తో, అంటే గత ఫ్రేమ్ నుంచి గడిచిన సమయంతో గుణిస్తున్నాం కదా పిన్నీ' అంటావు, తెలుసు. అది చాలదు. మామూలుగా రాసే గెంతు కోడ్‌లో, అడుగు (ఒక లెక్కకీ తర్వాతి లెక్కకీ మధ్య సమయం) పరిమాణం మారితే గెంతు ఎత్తు కూడా కొంచెం మారుతుంది, చిన్న మెషీన్‌లో అందిన అరుగు పెద్దదాంట్లో అందకపోవచ్చు. లాజిక్‌ని సెకనుకి 60 స్థిరమైన అడుగులతో నడపండి, బొమ్మ గీయడం మాత్రం మెషీన్ ఓపికని బట్టి 30 కానీ, 40 కానీ, 60 కానీ. 40ని తీసిపారేయకు. ఫ్రేముకి 25 మిల్లీసెకన్లు, 33.3కీ 16.7కీ సరిగ్గా నడిమధ్య. తెర రిఫ్రెష్‌ని 40 హెర్ట్జ్‌కి తగ్గించగల మెషీన్ అయితే కంటికి హాయిగా ఉంటుంది, బ్యాటరీ కూడా కొంత మిగులుతుంది.

ఇక నా అసలు భయం సేవ్ ఫైల్, ఆటగాడు ఎంతదాకా ఆడాడో దాచే ఫైల్.

నవ్వకు. మొదటి వెర్షన్ హడావిడిలో అందరూ చివరికి నెట్టేసే పని ఇదే, రెండో వెర్షన్ మెడకి చుట్టుకునేదీ ఇదే. పాత తప్పు ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. ప్రోగ్రామర్ ఆటగాడి వివరాలన్నీ ఒక స్ట్రక్చర్‌లో పెట్టుకుంటాడు. సేవ్ అనగానే మెమరీలో ఉన్న ఆ ముక్కని ఉన్నదున్నట్టు ఫైల్లోకి కుమ్మరిస్తాడు. నాలుగు లైన్ల కోడ్, చక్కగా పనిచేస్తుంది, పరీక్షల్లో కూడా ఏ లోపమూ దొరకదు. గేమ్ విడుదలవుతుంది. జనం యాభై గంటలు, వంద గంటలు ఆడతారు. అప్పుడు కన్సోల్ వెర్షన్ మొదలవుతుంది, ఆ ఫైల్ తెరిస్తే అంతా చెత్త.

ఎందుకంటావా? ఒకటి, బైట్ల వరస. 3డీఎస్‌లోని ఆర్మ్ ప్రాసెసర్ ఒక సంఖ్యలో చిన్న స్థానపు బైట్‌ని ముందు రాస్తుంది, దాని టీవీ జోడీ వీ యూలోని పవర్‌పీసీ ప్రాసెసర్ పెద్ద స్థానపు బైట్‌ని ముందు చదువుతుంది. మొదటిదాంట్లో దాచిన 1,000 నాణేలు రెండోదాంట్లో నేరుగా చదివితే 389,25,10,720 అవుతాయి. ఆటగాడికి పండగే, మీ గేమ్ ఆర్థిక వ్యవస్థకి మాత్రం చావు. ఇప్పటి మెషీన్లలో ఈ తేడా దాదాపు పోయింది, నిజమే. కానీ మిగతావి పోలేదు. ఒక కంపైలర్ (కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చేది) ఫీల్డుల మధ్య వదిలిన ఖాళీ బైట్లు ఇంకో కంపైలర్ వదలదు. 32 బిట్ల మెషీన్‌లో నాలుగు బైట్లున్న పాయింటర్ (మెమరీలో చిరునామా) 64 బిట్లలో ఎనిమిది బైట్లవుతుంది, దాని వెనకున్నవన్నీ పక్కకి జరిగిపోతాయి. అన్నిటికంటే దొంగది, వస్తువుని జాబితాలో దాని స్థానంతో గుర్తుపెట్టుకోవడం. కన్సోల్ వెర్షన్‌లో ముచ్చటపడి జాబితా మధ్యలో ఒక కొత్త కత్తి చేరుస్తారు. దాని కిందున్నవన్నీ ఒక్కో మెట్టు దిగుతాయి, ఆటగాడు కష్టపడి సంపాదించిన డాలు కాస్తా మందు సీసా అవుతుంది. ప్రోగ్రామ్ ఎక్కడా ఆగదు, హెచ్చరిక రాదు. అందుకే దొంగది అన్నాను.

కాబట్టి ఇప్పుడే, హ్యాండ్‌హెల్డ్ బిల్డ్ (తయారైన గేమ్ ప్రతి) ఖరారు కాకముందే, ఇలా చేయించు. ఫైల్ మొదటి 16 బైట్లు మీ జెండా: నాలుగు బైట్లు మీ గేమ్ గుర్తు, నాలుగు ఫార్మాట్ వెర్షన్ నంబర్, నాలుగు లోపలి డేటా పొడవు, నాలుగు సీఆర్‌సీ32 చెక్‌సమ్, అంటే డేటా చెడిందో లేదో పట్టించే లెక్క. లోపల ప్రతి విలువనీ ఒకే నిర్ణీత బైట్ల వరసలో, ఒక్కొక్కటిగా రాయాలి. ప్రతి వస్తువుకీ, ప్రతి క్వెస్ట్‌కీ శాశ్వతమైన నంబర్ ఇవ్వండి. వస్తువుని గేమ్‌లోంచి తీసేసినా దాని నంబర్ ఇంకోదానికి ఇవ్వకూడదు. డేటాని ముక్కలుగా విడగొట్టి ప్రతి ముక్కకీ ముందు దాని పేరు, పొడవు పెట్టండి. అప్పుడు పాత బిల్డ్‌కి తెలియని ముక్క ఎదురైతే దాన్ని పారేయకుండా దాటేసి, తిరిగి సేవ్ చేసేటప్పుడు అలాగే వెనక్కి రాయగలదు. ఒకటో వెర్షన్ నుంచి రెండుకి ఒక ఫంక్షన్, రెండు నుంచి మూడుకి ఇంకొకటి, ఇలా గొలుసుగా మార్చుకుంటూ వెళ్లాలి. ఒకటి నుంచి మూడుకి అడ్డదారి రాశారంటే పరీక్షించాల్సిన దారులు పెరిగిపోతాయి.

గడిపిన సమయాన్ని ఫ్రేముల్లో లెక్కపెట్టి దాచకండి. 30 ఫ్రేముల మెషీన్ మీద వంద గంటలు ఆడినవాడికి 60 ఫ్రేముల మెషీన్ యాభై అని చూపిస్తే వాడు ఊరుకోడు. మిల్లీసెకన్లలో దాచండి. తెర వెలుతురు, బటన్ల అమరిక లాంటి సెట్టింగులు వేరే ఫైల్లో ఉండాలి, అవి మెషీన్‌కి చెందినవి, మనిషికి కావు.

రాసే పద్ధతి కూడా చెప్పాలి. హ్యాండ్‌హెల్డ్ బ్యాటరీ ఎప్పుడైనా ఆరిపోవచ్చు. రెండు స్లాట్లు పెట్టి, పాతదాన్ని ముట్టుకోకుండా రెండోదాంట్లో రాసి, తిరిగి చదివి చెక్‌సమ్ కలిసిందని చూశాకే 'ఇకమీదట ఇదే అసలుది' అని మార్చాలి. రెండు మెషీన్లలో రెండు సేవ్‌లు ఉంటే ఏది కొత్తదో గడియారాన్ని నమ్మి తేల్చకండి, ఆటగాళ్లు తేదీ మార్చుకుంటూ ఉంటారు. సేవ్ చేసిన ప్రతిసారీ పెరిగే ఒక లెక్క పెట్టండి, అయినా అనుమానమొస్తే రెండిటి వివరాలూ చూపించి ఆటగాణ్నే ఎంచుకోమనండి. తెలియని ముక్క ఒకటి చేరడం వేరు, ఫార్మాట్ వెర్షన్ నంబరే పెద్దదైన సేవ్ పాత బిల్డ్‌కి చిక్కితే 'గేమ్ అప్‌డేట్ చేయండి' అని చెప్పి ఆగాలి, దానిమీద రాయకూడదు.

విడుదలైన ప్రతి బిల్డ్ సేవ్‌లనీ ఒక ఫోల్డర్‌లో దాచండి: గేమ్ మొదట్లోది, మధ్యలోది, పూర్తయినది, సంచి నిండిపోయినది, అతి పొడవైన పేరు పెట్టినది. ప్రతి రాత్రీ కొత్త బిల్డ్ వాటన్నిటినీ తనంతట తను తెరిచి చూడాలి. అంతా విసుగు పనే. కానీ ఎదుటి మనిషి సమయం మన చేతిలో పెట్టాడు నాన్నా, దాన్ని పారేసే హక్కు మనకి లేదు.

చేసినవాళ్లు చేశారు. మాన్‌స్టర్ హంటర్ 3 అల్టిమేట్‌లో 3డీఎస్‌కీ వీ యూకీ మధ్య సేవ్‌ని తరలించుకోవడానికి ప్రత్యేకంగా ఒక యాప్ ఇచ్చారు. రైజ్‌కొచ్చేసరికి స్విచ్ సేవ్‌ని పీసీకి తీసుకెళ్లే వీలు లేకుండా పోయింది. పీసీ వెర్షన్ కొన్నవాళ్లు మళ్లీ మొదటి నుంచి ఆడాల్సిందే. మీరు ఇవ్వలేకపోతే ఆ మాట కొనకముందే చెప్పండి.

బొమ్మలు గీసే పిల్లలకి కూడా నా మాటగా చెప్పు. ఏదీ నేరుగా చిన్న తెర సైజులో గీయొద్దని. టెక్స్చర్ (వస్తువుల మీద అతికించే బొమ్మ) 2048 పిక్సెళ్లతో చేసి, హ్యాండ్‌హెల్డ్‌కి 512కి తగ్గించుకోవాలి. కట్‌సీన్లని వీడియోగా మారుస్తుంటే అసలు ప్రాజెక్టు ఫైళ్లు భద్రంగా ఉండాలి. ధ్వనులు 48 కిలోహెర్ట్జ్‌లో దాచాలి. అక్షరాల విషయంలో వాల్వ్ స్టీమ్ డెక్‌కి పెట్టిన కొలత పనికొస్తుంది: 1280×800 తెర మీద ఏ అక్షరమూ 9 పిక్సెళ్ల ఎత్తుకి తగ్గకూడదు, 12 ఉంటే మంచిది. టీవీ దగ్గర చిక్కు ఇంకోరకం. మనిషి దూరంగా కూర్చుంటాడు, కొన్ని టీవీలు అంచులు కోసేస్తాయి. నాలుగు వైపులా ఐదేసి శాతం వదిలి మెనూలు పెట్టాలి. మెనూలని పిక్సెల్ లెక్కలతో మేకులు కొట్టకుండా మూలలకి ఆనించి ఉంచితే తర్వాత కదపడం తేలిక.

'రెండూ ఒకే గేమ్' అని ప్రకటించేముందు ఒక్కసారి ఆలోచించు. సూపర్ స్మాష్ బ్రోస్ 2014లో ముందు 3డీఎస్ మీద, ఆ తర్వాత వీ యూ మీద వచ్చింది. రెండింట్లోనూ ఒకే పాత్రలు ఉండాలనుకున్నారు. ఐస్ క్లైంబర్స్ జంట వీ యూ మీద నడిచింది, 3డీఎస్ మోయలేకపోయింది. దాంతో రెండింట్లోంచీ తీసేశారు, మళ్లీ వాళ్లు కనిపించింది 2018లోనే. చిన్న మెషీన్ మీద పోరాడేవాళ్లని 60 ఫ్రేముల్లో నిలబెట్టడానికి మధ్యలో వచ్చే సహాయ పాత్రలని 30కి దించారు, చిన్న తెర మీద పాత్రలు తప్పిపోకుండా చుట్టూ మందపాటి గీత గీశారు. ఎక్కడ తగ్గినా ఫర్వాలేదు, ఎక్కడ తగ్గకూడదు అన్నది వాళ్లు తేల్చుకున్నారు. మీరూ తేల్చుకుని కాగితం మీద పెట్టండి. లిబర్టీ సిటీ స్టోరీస్‌లో దగ్గరున్న పీఎస్‌పీలు కలిసి ఆడుకునే మల్టీప్లేయర్ ఉండేది, పీఎస్2 వెర్షన్‌లో అది లేదు. మీ గేమ్‌లో అలాంటిదేమైనా ఉంటే టీవీ దగ్గర దాని స్థానంలో ఏం పెడతారో ఇప్పుడే చూసుకోండి.

సర్టిఫికేషన్‌కి, అంటే విడుదలకి ముందు మెషీన్ కంపెనీ ఇచ్చే అనుమతికి, ఒక్కో కంపెనీది ఒక్కో పరీక్ష. ఒకదాంట్లో పాసయితే రెండోదాంట్లో పాసయినట్టు కాదు. కనీసం ఒకసారి వెనక్కి వస్తుందనే లెక్కతో క్యాలెండర్ వేసుకో, పాసవకముందు తేదీ ప్రకటించకు. పబ్లిషర్‌తో ఒప్పందం ఉంటే 'ముందు ఈ మెషీన్ మీదే' అన్న గడువు ఏ రోజు మొదలై ఏ రోజు ముగుస్తుందో, విడుదల వాయిదా పడితే గడువు కూడా జరుగుతుందో లేదో, గడువులోపల కన్సోల్ వెర్షన్ పేరెత్తవచ్చో లేదో చూడు. సంతకం పెట్టేశావేమోనని భయంగా ఉంది. పెట్టినా సరే, ఆ పేజీ నాకు పంపు.

దాంతోపాటు ఇప్పటి బిల్డ్ నుంచి రెండు సేవ్ ఫైళ్లు కూడా పంపు, గేమ్ మొదట్లోది ఒకటి, చివర్లోది ఒకటి. మొదటి 16 బైట్లు చూస్తే చాలు, నీ ప్రోగ్రామర్‌తో ఏం మాట్లాడాలో నాకు తెలుస్తుంది. మీ అమ్మకి ధైర్యం నేను చెబుతాలే. నువ్వు మాత్రం తను ఫోన్ చేస్తే ఎత్తు.

ప్రేమతో,
పిన్ని