సీసా మీద ‘ఆర్గానిక్’ అని ఉంటే చాలదు

ప్రశ్న: ఖమ్మం జిల్లా మధిర ప్రాంతంలో రెండెకరాల్లో మిరప వేశాను. మా రైతు బృందంతో కలిసి సేంద్రియ ధృవీకరణకు నమోదు చేసుకున్నాను, ఇది రెండో ఏడు. కొన్ని వారాలుగా చిగురాకులు ముడుచుకుపోతున్నాయి. అంచులు కిందికి తిరిగి, ఆకు కాడలు సాగి ఉన్నాయి. బొబ్బర వైరస్ అనుకుని డీలర్‌ను అడిగితే, వైరస్‌ను తగ్గించే బయో మందు అని ఒక సీసా ఇచ్చారు. దానిపై ‘100% ఆర్గానిక్, మొక్కల సారం’ అని ఉంది. 30 సెంట్లలో కొట్టాను. సాయంత్రానికి చిన్నా చితకా పురుగులన్నీ రాలిపోయాయి కానీ ముడత తగ్గలేదు. మిగతా పొలంలోనూ కొట్టమంటారా? అగ్నాస్త్రం అనే ఇంటి కషాయం కూడా తయారు చేసి పెట్టుకున్నాను. వచ్చే నెల ఇన్‌స్పెక్టర్ వస్తారు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: కొట్టవద్దు. ఆ సీసా మూత బిగించి పక్కన పెట్టండి, పారేయకండి, దానితో పని ఉంది.

ముందు జబ్బు సంగతి. మీరు రాసిన లక్షణాలు బొబ్బరవి కావు. బొబ్బర వస్తే ఆకులు చిన్నవై, ముడతలు పడి పైకి ముడుచుకుంటాయి, ఈనెలు మందంగా కనిపిస్తాయి, మొక్క గిడసబారుతుంది. దాన్ని వ్యాప్తి చేసేది తెల్లదోమ. అంచులు కిందికి తిరిగి, కాడ సాగి, ఆకు ముదురు ఆకుపచ్చగా ఉంటే అది తెల్లనల్లి పని. మన రైతులు కింది ముడత అనేది దీన్నే. భూతద్దంతో లేత ఆకుల అడుగున చూడండి, నల్లులు కదులుతూ కనిపిస్తాయి. ఒకవేళ అక్కడక్కడా నిజంగానే బొబ్బర మొక్కలు ఉంటే పీకి తగలబెట్టండి. వైరస్ సోకిన మొక్కను బాగుచేసే మందు ఏదీ లేదు. ‘వైరస్‌కు మందు’ అని ఏ సీసా చూపించినా కొనకండి.

నల్లికి నీటిలో కరిగే గంధకం 80 శాతం పొడి లీటరుకు 3 గ్రాములు చాలు. ఎకరాకు 200 లీటర్ల నీటికి 600 గ్రాములు అవుతుంది. ఆకు అడుగు భాగం పూర్తిగా తడవాలి, పైపైన కొడితే డబ్బు దండగ. వారం పది రోజుల తేడాతో రెండుసార్లు, ఉదయం గానీ సాయంత్రం గానీ కొట్టండి. ఎండ 32 డిగ్రీలు దాటితే ఆకు మాడుతుంది. వేప నూనె కొట్టి ఉంటే రెండు వారాలు ఆగి గంధకం కొట్టండి, రెండూ కలపకండి. గంధకం శిలీంద్రాలనూ చంపుతుంది కాబట్టి పురుగులను చంపడానికి వాడే బవేరియా, వర్టిసీలియం వంటి మేలు చేసే శిలీంద్రాలను కలిపి కొట్టినా ఉపయోగం ఉండదు. పాత ముడతలు విచ్చుకోవు. కొత్త చిగురు సాఫీగా వస్తోందా అన్నది చూడండి.

గంధకం ఖనిజం. సేంద్రియ ప్రమాణాలు దాన్ని అనుమతిస్తాయి. అయినా దుకాణానికి వెళ్లే ముందు మీ బృందం ద్వారా ధృవీకరణ సంస్థకు బ్రాండ్ పేరు చెప్పి ఒప్పుకోలు తీసుకోండి. ఎందుకంటే పొడి నీటిలో చక్కగా కలవడానికి కంపెనీ వేరే పదార్థాలు కలుపుతుంది. గంధకం అనుమతించినదే అయినా ఆ కలిపినవి కాకపోవచ్చు. చాలామంది రైతులు ఇక్కడే పొరబడుతున్నారు. పదార్థానికి ఉన్న అనుమతి వేరు, దానితో చేసిన సరుకుకు ఉన్న అనుమతి వేరు.

సరుకును ఎలా పరిశీలిస్తారో తెలిస్తే మీ సీసా ఎందుకు నిలబడదో అర్థమవుతుంది. మన దేశంలో ఎగుమతికి పనికొచ్చే సేంద్రియ ధృవీకరణ 2001లో మొదలైన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం కింద జరుగుతుంది, వ్యవసాయ ఎగుమతులను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అపెడా దాన్ని నడిపిస్తుంది. తయారీదారు తన సరుకును సేంద్రియ సాగులో వాడవచ్చని చెప్పుకోవాలంటే ధృవీకరణ సంస్థ ముందు పూర్తి కూర్పు పెట్టాలి. అసలు మందు ఒక్కటే కాదు, అందులో కలిపే ద్రావకాలు, నురుగు తెచ్చేవి, నిల్వ ఉంచేవి, అన్నీ చెప్పాలి. మొక్క సారం అంటే ఏ మొక్క, ఏ ద్రావకంతో తీశారు అని అడుగుతారు. జన్యుమార్పిడి జీవులతో సంబంధం లేదని రాసివ్వాలి. భార లోహాలు, పురుగుమందు అవశేషాల పరీక్ష నివేదికలు చూస్తారు. ఇవన్నీ సరిపోతే బ్రాండ్ పేరు, తయారీదారు పేరు, ఏ ప్రమాణం కింద, ఎప్పటివరకు అన్నవి రాసిన సర్టిఫికెట్ ఇస్తారు. మీరు చూడాల్సింది ఆ కాగితం. లేబుల్ మీద ఆకు బొమ్మకు విలువ లేదు.

మరో విషయం. ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉంటే సేంద్రియానికి పనికొస్తుందని డీలర్లు చెబుతారు. తప్పు. పురుగును చంపుతుందని అమ్మే ఏ మందుకైనా, అది వేప మందైనా సరే, 1968 నాటి పురుగుమందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఎరువులకు 1985 నాటి నియంత్రణ ఉత్తర్వు ఉంది. మొక్కకు ఉత్తేజం ఇచ్చేవని అమ్మే బయోస్టిమ్యులెంట్లను 2021 ఫిబ్రవరిలో దాని కిందికే తెచ్చారు. వాటిలో పురుగుమందు 0.01 పీపీఎంకు (అంటే కిలోకు 0.01 మిల్లీగ్రాముకు) మించకూడదని అందులోనే ఉంది. ఇవి దేశంలో అమ్ముకోవడానికి కావలసిన అనుమతులు మాత్రమే. సేంద్రియ పొలంలో వాడాలంటే ధృవీకరణ సంస్థ ఒప్పుకోవాలి. మీ సీసా మీద రిజిస్ట్రేషన్ నంబరు, అసలు మందు పేరు, శాతం, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఉన్నాయా చూడండి. ‘మొక్కల సారం’ అని మాత్రమే ఉంటే అది రెండు పరీక్షల్లోనూ తప్పినట్టే.

సాయంత్రానికే పురుగులు రాలాయని సంతోషపడకండి. మొక్కల సారాలు సాధారణంగా అంత వేగంగా చంపవు. వేప మందు పురుగు తిండిని, ఎదుగుదలను ఆపుతూ నెమ్మదిగా పనిచేస్తుంది. గంటల్లో పురుగు పడిపోయిందంటే అందులో రసాయన మందు కలిపారనే నా అనుమానం. బయో పేరుతో అలాంటి కల్తీ జరుగుతున్న సంగతి వ్యవసాయ శాఖకు కొత్త కాదు. కలిపింది సింథటిక్ పైరిథ్రాయిడ్ రకం రసాయన పురుగుమందు అయితే మీకు రెండు నష్టాలు. నల్లిని తినే మిత్ర పురుగులు చచ్చి నల్లి మరింత పెరుగుతుంది. అవశేషం కాయలో మిగులుతుంది, పైగా పండుకాయ ఎండి బరువు తగ్గేకొద్దీ కిలోకు దాని మోతాదు పెరుగుతుంది. ప్రత్యేక పరిమితి పెట్టని మందులకు యూరప్ అనుమతించేది కిలోకు 0.01 మిల్లీగ్రాము. ఒక్క పిచికారీ అవశేషం మిగిలినా కనిపెట్టేస్తారు. డీలర్ ఇచ్చిన సలహా తప్పని తేలితే సరుకు వెనక్కి వచ్చేది మీకు, డీలర్‌కు కాదు.

అగ్నాస్త్రం గురించి కూడా ఆగి ఆలోచించండి. అందులో వేపాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లితో పాటు పొగాకు ఉంటుంది. ఇంట్లో చేసుకున్నదేగా అనుకుంటారు. కానీ అమెరికా సేంద్రియ ప్రమాణాల్లో పొగాకు పొడి పేరు పెట్టి నిషేధించిన పదార్థం. 2022 నుంచి అమెరికాకు పంపే సరుకు నేరుగా అక్కడి ప్రమాణాల కిందే ధృవీకరణ పొందాలి. మీ బృందం కాయ ఎటు వెళ్తుందో ముందు కనుక్కోండి. అమెరికా అయితే పొగాకు లేకుండా చేసుకోండి. నల్లికి గంధకం, రసం పీల్చే మిగతా పురుగులకు 5 శాతం వేపగింజల కషాయం (ఎకరాకు 10 కిలోల గింజల పొడి, 200 లీటర్ల నీరు) సరిపోతాయి.

ఇక కొట్టిన 30 సెంట్ల సంగతి. ఇన్‌స్పెక్టర్ అడిగేదాకా ఆగకండి. ఈ వారంలోనే బృందానికి రాసివ్వండి: ఏ తేదీన, ఎంత విస్తీర్ణంలో, ఎంత మోతాదు. పొలం డైరీలోనూ రాయండి. వార్షిక పంటలకు మార్పిడి కాలం, అంటే రసాయన సాగు నుంచి సేంద్రియానికి మారే గడువు, రెండేళ్లు. ఆ ముక్కకు మళ్లీ మొదటి నుంచి లెక్క వేయవచ్చు, ఆ నిర్ణయం సంస్థది. దాచి పరీక్షలో బయటపడితే మాత్రం మీ పొలంతోపాటు బృందంలోని తోటి రైతులకూ ఇబ్బంది. మిగిలిన మందుతో సీసాను, బిల్లును మండల వ్యవసాయ అధికారికి చూపించి ఫిర్యాదు ఇవ్వండి. తెరిచిన సీసా నమూనా చెల్లకపోతే వారు దుకాణం నుంచే అదే బ్యాచ్ నమూనా తీసి పరీక్షకు పంపగలరు. బిల్లు ఇవ్వలేదంటే అదీ రాయండి.

స్ప్రేయర్ ట్యాంకు, నాజిల్ బాగా కడిగాకే మిగతా పొలంలో గంధకం కొట్టండి. కోత సమయంలో ఆ 30 సెంట్ల కాయను వేరే టార్పాలిన్ మీద ఆరబోసి, వేరే సంచుల్లో గుర్తు పెట్టి నింపండి. మామూలు మార్కెట్లో అమ్మండి, బృందం సరుకులో కలపకండి.