రాజుగారి సంతకం ఉన్న ఫొటోలో ఇంటి డబ్బు పెట్టవచ్చా?

ప్రశ్న: లండన్ పక్కన స్లౌలో ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. వయసు 33. మూడేళ్లలో ఇల్లు కొనాలని 9,000 పౌండ్లు కూడబెట్టాను. ఆరో జార్జి రాజు, ఆయన భార్య ఎలిజబెత్ రాణి, ఇద్దరు కూతుళ్లు కలిసి ఉన్న పాత ఫొటో ఒకటి ఇక్కడి దుకాణంలో 1,800 పౌండ్లకు ఉంది. కింద రాజు, రాణి సంతకాలున్నాయి. వీటి విలువ ఎప్పటికీ తగ్గదంటున్నారు. పెట్టుబడిగా కొనవచ్చా?

జవాబు: ఇంటి కోసం దాచిన డబ్బుతో కొనకండి.

ఫొటో విలువ పెరుగుతుందో లేదో పక్కన పెట్టి, ముందు కొనడానికీ అమ్మడానికీ అయ్యే ఖర్చు చూడండి. వేలంలో ఒక వస్తువు 1,000 పౌండ్లకు పాట ముగిసిందనుకుందాం. కొన్నవారి కమీషన్ 25 శాతం, దానిపై 20 శాతం వ్యాట్ వేస్తే వాళ్లు కట్టేది 1,300. అమ్మినవారికి 15 శాతం కమీషన్, దాని వ్యాట్ పోగా చేతికొచ్చేది 820. అంటే ఇవాళ 1,300 పెట్టి కొన్నవారికి అసలు రావాలంటే పాట దాదాపు 1,585 దాకా వెళ్లాలి. మీరు కొనేది దుకాణంలో కాబట్టి వాళ్ల లాభం ఆ ధరలోనే కలిసి ఉంటుంది. రేపు వేలంలో సరిగ్గా 1,800కే పోయినా మీకు మిగిలేది 1,476. ఈలోగా వడ్డీ రాదు, డివిడెండ్ రాదు. పన్ను బాధ మాత్రం లేదు: బ్రిటన్‌లో ఇలాంటి వస్తువును 6,000 పౌండ్లకు మించకుండా అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడదు.

ఇక సంతకాల సంగతి. ఆ 1,800లో ఎక్కువ భాగం వాటి విలువే. అవి అచ్చులో వచ్చినవని తేలితే మీ దగ్గర మిగిలేది మామూలు పాత ఫొటో. భూతద్దం పెట్టి చూడండి. అచ్చయితే సన్నటి చుక్కలు కనిపించవచ్చు. కలంతో రాసినదైతే గీత మీద గీత దాటిన చోట సిరా చిక్కబడుతుంది. తేదీ కూడా సరిచూడండి. ఆరో జార్జి 1936 డిసెంబరు 11న రాజయ్యారు. అప్పటిదాకా ఆల్బర్ట్ అని, ఆ తర్వాత ‘జార్జ్ ఆర్.ఐ.’ అని సంతకం చేసేవారు. ఆ ‘ఆర్’ అంటే రాజు, ‘ఐ’ చక్రవర్తి హోదాకు గుర్తు, అంటే మన దేశం మీద ఆయనకున్న బిరుదు. స్వాతంత్ర్యం వచ్చాక 1948 జూన్ 22న దాన్ని అధికారికంగా వదులుకున్నారు. కాబట్టి 1950 అని తేదీ వేసి ‘ఆర్.ఐ.’ ఉంటే వెంటనే వెనక్కి ఇచ్చేయండి. సంతకాలు అసలైనవేనని, కావని తేలితే డబ్బు వాపసు చేస్తామని రాతపూర్వకంగా ఇవ్వని దుకాణంలో ఇంత డబ్బు పెట్టవద్దు.

చరిత్ర మీద మక్కువతో గోడకు పెట్టుకోవాలని ఉంటే అది వేరే విషయం, ఆ ఇష్టాన్ని నేను తప్పుపట్టను. దాన్ని సెలవుల ఖర్చులోంచి కొనండి, ఆ డబ్బు తిరిగి రాదనుకునే కొనండి. ఇంటి బీమాలో విడిగా రాయించండి, ఎండ తగలని గోడకు తగిలించండి.

ఇదే 1,800ను లైఫ్‌టైమ్ ఐసాలో (మొదటి ఇల్లు కొనేవారికి ప్రభుత్వం సాయం కలిపే పొదుపు ఖాతా) వేస్తే ప్రభుత్వం 25 శాతం, అంటే 450 పౌండ్లు కలుపుతుంది. మీ వయసుకు ఖాతా తెరవవచ్చు (40 నిండకముందే తెరవాలి). ఏడాదికి 4,000 దాకా వేయవచ్చు. ఖాతా మొదలై ఏడాది దాటాక, 4,50,000 పౌండ్లకు మించని మొదటి ఇంటికి వాడుకోవచ్చు. ఇల్లు కొనకుండా మధ్యలో తీస్తే 25 శాతం కోత: ఖాతాలోని 2,250లో చేతికి 1,687.50 వస్తుంది, అసలులోనే 112.50 పోతుంది.

మన వాళ్లు తరచూ మరచిపోయేది ఒకటుంది. మొదటి ఇల్లంటే ప్రపంచంలో ఎక్కడైనా మొదటిదే. హైదరాబాద్‌లో అమ్మానాన్నలు మీ పేరున, లేదా మీ పేరు కలిపి ఫ్లాట్ కొని ఉంటే మీకు ఈ సౌకర్యం వర్తించదు. ముందు ఇంటికి ఫోన్ చేసి దస్తావేజుల్లో ఎవరి పేరుందో కనుక్కోండి. మీ పేరు లేకపోతే ఇక్కడి పన్ను ఏడాది ముగిసే ఏప్రిల్ 5లోగా వేయండి, ఈ ఏడాది వాడని పరిమితి వచ్చే ఏడాదికి రాదు.