అప్‌డేట్‌ను ఆపను, రోజు మాత్రం నేనే చెప్తా

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఉండేది దేవరకొండ, వాడేది విండోస్ 10 ల్యాప్‌టాప్. రోజూ ‘రీస్టార్ట్ చేయండి’ అని అడుగుతోంది. మీ తమ్ముడేమో చేస్తే స్లో అవుతది, మొత్తానికే బంద్ పెట్టు అంటున్నాడు. చేయాలా వద్దా, చేస్తే ఎప్పుడు, ఎట్లా?

చేయాలి. కానీ అది అడిగినప్పుడు కాదు, మీకు వీలు చిక్కినప్పుడు. ఈ ఒక్క ముక్క తలకెక్కడానికి నాకు రెండు దెబ్బలు తగిలాయి. రెండూ చేతులారా చేసుకున్నవే.

నల్లగొండలో క్లాక్ టవర్‌కు కొంచెం అవతల మాది జిరాక్స్, డీటీపీ, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు. రెండు డెస్క్‌టాప్‌లు, ఒక ల్యాప్‌టాప్. మొదటి దెబ్బ డిగ్రీ అడ్మిషన్లప్పుడు, దోస్త్ రిజిస్ట్రేషన్ ఆఖరి రోజున తగిలింది. కనగల్ నుంచి, తిప్పర్తి నుంచి వచ్చిన పిల్లలు, వాళ్ల నాయినలతో పొద్దున తొమ్మిదికే బెంచీ నిండింది. అంతకుముందు మూడు వారాలుగా అప్‌డేట్ అని ఏది కనబడ్డా ‘తర్వాత’ అని కొట్టి పంపిస్తున్నాను. ఆ పూట బ్రౌజర్ బిగుసుకుపోయింది. ఆలోచించకుండా రీస్టార్ట్ కొట్టాను. ఇంకేముంది, మూడు వారాల బాకీ అంతా అప్పుడే వసూలుకు కూచుంది. గుండ్రంగా తిరిగే చుక్కలు, 12 శాతం, కంప్యూటర్ ఆపొద్దు అని ఒక లైను. “ఇంకెంతసేపు పడ్తదన్నా?” అని ఒక పెద్దమనిషి ఐదు నిమిషాలకోసారి. సుమారు గంట పట్టింది. సగంమంది పక్క షాపుకు పోయారు, వాళ్లను తప్పుపట్టలేను.

ఆ కోపంలో అప్‌డేట్ సర్వీసునే ఆపేశాను. యూట్యూబ్‌లో చూసి రెండు నిమిషాల్లో పని ముగించాను, గొప్ప పని చేసినట్టు పక్క షాపతనికి కూడా చూపించాను. రెండేండ్లు హాయిగా గడిచింది. ఒక మాఘమాసంలో ఒకాయన వచ్చి, “పెద్దబిడ్డ కార్డు లెక్కనే చిన్నబిడ్డది కొట్టియ్యి” అన్నాడు. ఫోల్డర్ తెరిస్తే ప్రతి ఫైలు పేరు వెనుక ఏవో పిచ్చి అక్షరాల తోక. ఒక్కటీ తెరుచుకోదు. ప్రతి ఫోల్డర్లో ఒక నోట్‌ప్యాడ్ ఫైలు: ఇన్ని డాలర్లు కడితే మీ ఫైళ్లు మీకిస్తాం. నాలుగేండ్ల పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు, బిల్లుబుక్కుల డిజైన్లు మట్టిలో కలిశాయి. ఆఫ్‌సెట్ కోసం హైదరాబాద్‌కు మెయిల్లో పంపినవి మాత్రం నా సెంట్ ఫోల్డర్లో బతికి ఉన్నాయి. ఆ పెద్దబిడ్డ కార్డు వాటిలో లేదు.

అప్‌డేట్లు ఆన్‌లో ఉంటే అది రాకపోయేదని గ్యారంటీగా చెప్పను. అదే సిస్టంలో ఒక క్రాక్ సాఫ్ట్‌వేర్ వేశాను, అది యాంటీవైరస్ ఆపమంటే అదీ ఆపాను. వచ్చిపోయే ప్రతి పెన్‌డ్రైవ్ పెట్టించుకునే షాపు మాది. తలుపు తీసిపెట్టి, కిటికీ తీసిపెట్టి, దొంగ ఎటునుంచి వచ్చాడని వెతుక్కుంటే ఏం లాభం?

మీ తమ్ముడికి వానక్రై సంగతి చెప్పండి. ఆ వైరస్ ప్రపంచమంతా ఆస్పత్రులనూ ఆఫీసులనూ పట్టింది 2017 మే 12న. అది దూరిన కంతను మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఇచ్చింది అదే ఏడాది మార్చి 14న, అంటే దాదాపు రెండు నెలల ముందు. ఇంకో చిక్కు ఉంది. అప్‌డేట్ బయటికి రాగానే ఎక్కడ ఏం సరిచేశారో చూసి, కంత ఎక్కడుందో దొంగలూ కనిపెడతారు. కాబట్టి వేసుకోనివాళ్లకు ఆ రోజు నుంచి ముప్పు ఇంకాస్త పెరుగుతుంది.

అట్లని వచ్చిన రోజే వేయమనను. అప్‌డేట్లలోనూ తప్పులుంటాయి. 2018 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 పెద్ద అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లను చెరిపేస్తే, మైక్రోసాఫ్ట్ దాన్ని నాలుగు రోజుల్లోనే నిలిపేసింది. 2024 జులై 19న శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చిన ఫొటో చూసే ఉంటారు. చాలామంది అది విండోస్ అప్‌డేట్ అనుకుంటారు, కాదు. క్రౌడ్‌స్ట్రయిక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక తప్పు ఫైలు అది. సుమారు 85 లక్షల కంప్యూటర్లు పడిపోయాయి. నేను అందులో పట్టుకున్నది ఒక్కటే: అన్ని మిషన్లకూ ఒకేసారి వేయొద్దు. మా షాపులో ముందు ల్యాప్‌టాప్‌కు వేస్తాం. రెండు రోజులు ప్రింటు, స్కాను, వేలిముద్ర మిషను అన్నీ నడిస్తే అప్పుడు డెస్క్‌టాప్‌లకు.

ఇక రోజు సంగతి. మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్లు ప్రతి నెలా రెండో మంగళవారం వస్తాయి. వాళ్ల పొద్దున మనకు రాత్రి కాబట్టి మన లెక్కలో బుధవారం అనుకోండి. దాని తర్వాత వచ్చే రెండో ఆదివారం మా షాపులో అప్‌డేట్ రోజు. పన్నెండు రోజుల్లో దానిలో పెద్ద లోపమేదైనా ఉంటే వార్తల్లోకి వచ్చేస్తుంది. ‘ఈ లోపాన్ని ఇప్పటికే దొంగలు వాడుతున్నారు’ అని చదివితే మాత్రం ఆ రాత్రే వేసేస్తాను. బ్రౌజర్‌కైతే అసలు ఆగేదే లేదు, వచ్చిన రోజే. పని మొత్తం దాంట్లోనే కదా నడిచేది, పైగా రెండు నిమిషాల పని. నెలాఖరున ‘ప్రివ్యూ’ అని ఇంకోటి వస్తుంది, వచ్చే నెలదాన్ని ముందుగా వేసి చూడడమన్నట్టు, దాన్ని ముట్టుకోను. మనమెందుకు పరీక్ష రాయాలి.

ఆ ఆదివారం దాకా అది గొడవ చేయకుండా ఉండాలంటే సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌లోకి పోయి ‘పాజ్’ పెట్టండి. ఐదు వారాల దాకా ఆగుతుంది, ఆ తర్వాత వేయక తప్పదు. నాకు ఈ పద్ధతే నచ్చింది, మరిచిపోయినా అదే గుర్తుచేస్తుంది. అక్కడే ‘యాక్టివ్ అవర్స్’ అని ఉంటుంది. మీరు పనిచేసే వేళలు పెడితే ఆ సమయంలో తనంతట తాను రీస్టార్ట్ కాదు. ఫోన్ హాట్‌స్పాట్‌తో నడిపేవాళ్లయితే ఆ వైఫైని ‘మీటర్డ్’ అని పెట్టుకోండి, లేకపోతే రోజువారీ డేటా పొద్దున్నే ఊడ్చుకుపోతుంది.

వేసే ముందు నేను చూసుకునేవి ఎక్కువేం లేవు. ముఖ్యమైన ఫైళ్లు బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేస్తాను, కాపీ కాగానే వైరు పీకేస్తాను. పీకకపోతే అదీ ఆ సిస్టంతో పాటే పోతుంది. సీ డ్రైవ్‌లో పాతిక జీబీ ఖాళీ ఉండేట్టు చూసుకుంటాను. కరెంటు సంగతి మనకు చెప్పక్కర్లేదు. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచిందంటే ముందు పోయేది అదే. ల్యాప్‌టాప్ అయితే ఫుల్ చార్జి ఉండి చార్జర్ పెట్టి ఉండాలి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద. శాతం కదలట్లేదని బటన్ నొక్కి ఆపేయకండి. పాత హార్డ్‌డిస్క్ ఉంటే ఒక్కోసారి గంట గంటన్నర అక్కడే నిలబడుతుంది. టీ తాగి రండి.

వేశాక ‘స్లో’ అయిందనే మాట పూర్తిగా అబద్ధం కాదు. మొదటి గంటో రెండు గంటలో వెనకాల సర్దుకుంటూ ఉంటుంది, ఆన్‌లో వదిలేయండి. మర్నాడు కూడా ఈడుస్తుంటే చాలాసార్లు తప్పు అప్‌డేట్‌ది కాదు, తిరిగే పాత హార్డ్‌డిస్క్‌ది. మా డెస్క్‌టాప్‌లకు ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, వేయించాక స్లో అనే మాటే మరిచిపోయాం. నిజంగానే ఏదైనా చెడితే అప్‌డేట్ హిస్టరీలో ‘అన్‌ఇన్‌స్టాల్’ ఉంది. వెర్షనే మారే పెద్ద అప్‌డేట్ అయితే ‘గో బ్యాక్’ పది రోజులే పనిచేస్తుంది. ఆ పది రోజులు జాగా కోసం పాత విండోస్ ఫైళ్లు తుడిచేయకండి.

డ్రైవర్లు, అంటే ప్రింటరు, స్కానరు లాంటివాటిని విండోస్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్లు, బాగానే నడుస్తుంటే నేను కదిలించను. ‘డ్రైవర్ అప్‌డేటర్’ పేరుతో ఉచితంగా దొరికేవాటిని దగ్గరికే రానివ్వను. వెబ్‌సైట్ చూస్తుంటే మధ్యలో ‘మీ బ్రౌజర్ పాతది, ఇక్కడ నొక్కి అప్‌డేట్ చేసుకోండి’ అని వచ్చేది నూటికి నూరుపాళ్లు మోసం అనుకోండి. క్రోమ్ అప్‌డేట్ కావాలంటే పైన మూడు చుక్కలు, హెల్ప్, అబౌట్ గూగుల్ క్రోమ్. అంతే.

బయాస్ అంటే విండోస్ కంటే ముందు కంప్యూటర్‌ను లేపే, మదర్‌బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్. దాని అప్‌డేట్ దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. అది మధ్యలో ఆగితే మదర్‌బోర్డు పనికిరాకుండా పోవచ్చు. మిర్యాలగూడ నుంచి ఒక టీచర్ గారు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చారు. బయాస్ అప్‌డేట్ సాఫీగానే పూర్తయింది, ఆ తర్వాత తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతూ కూచుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో డిస్క్‌కు తాళం మనకు తెలియకుండానే పడి ఉంటుంది. ఆ కీ, మొదట లాగిన్ అయిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచి ఉంటుంది. సార్‌కు తనకు అట్లాంటి అకౌంట్ ఉన్నట్టే తెలియదు. ఇంటికి ఫోన్ మీద ఫోన్ చేస్తే, కొన్న రోజు వాళ్లమ్మాయి కాలేజీ మెయిల్‌తో తెరిచినట్టు సాయంత్రానికి తేలింది. పాస్‌వర్డ్ దొరకడానికి ఇంకో పూట.

ఇక మీ విండోస్ 10. దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ అప్‌డేట్ పేజీలోనే ‘ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్’కు నమోదయ్యే లింకు ఉంటుంది. విండోస్ 10లో ఆఖరిదైన 22హెచ్2 వెర్షన్, మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి. సెట్టింగ్స్ బ్యాకప్‌కు ఒప్పుకుంటే డబ్బు కట్టనక్కర్లేదు, 2026 అక్టోబర్ 13 దాకా అప్‌డేట్లు వస్తాయి. ముందు అది చేసుకోండి. తర్వాత మైక్రోసాఫ్ట్ వాళ్లదే ‘పీసీ హెల్త్ చెక్’ వేసి, విండోస్ 11కు పనికొస్తుందో లేదో చూడండి. ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచి పైకి ఉండాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి. పనికిరాదంటే అడ్డదారిలో ఎక్కించే వీడియోల జోలికి పోకండి, ఆ డబ్బూ ఓపికా ఇంకో ల్యాప్‌టాప్‌కు దాచుకోండి. పనికొస్తుందంటే మీ పనులు తక్కువున్న ఒక ఆదివారం చూసుకుని, ఫైళ్లు కాపీ చేసుకుని, ఆ 48 అంకెల కీని కాగితం మీద రాసిపెట్టుకున్నాకే మొదలుపెట్టండి. ఆ కాగితం ల్యాప్‌టాప్ బ్యాగులో మాత్రం పెట్టకండి.