కోళ్ల చదువుకు అమెరికా వస్తున్న మన వరంగల్ పిల్లలకు

మామునూరు వెటర్నరీ కాలేజీలో ఇంటర్న్‌షిప్ చేస్తున్న ఒక చెల్లె, నర్సంపేట దగ్గర ఇంట్లోనే కోళ్ల ఫారం ఉన్న ఒక తమ్ముడు, ఇద్దరూ ఈ నెలలో దాదాపు ఒకే సందేహం అడిగారు. పౌల్ట్రీ సైన్స్‌లో ఎమ్మెస్‌కు అమెరికా రావచ్చా, రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని. తమ్ముడు ఇంకో మాట కూడా చెప్పాడు. సంగతి తెలిసి వాళ్ల మేనమామ "కోళ్ల సదువుకు గంత దూరం పోవుడెందుకురా, మనింట్ల కోళ్లు లెవ్వా?" అన్నాడట.

ఆ మాట నేనూ విన్నాను. మాది పరకాల పక్క ఊరు. నాన్నకు 5 వేల బ్రాయిలర్ల షెడ్డు ఉండేది. ఇప్పుడు జార్జియా రాష్ట్రంలో 14 ఏళ్లుగా ఉంటున్నాను, కోళ్ల దాణా పనిలోనే. తమ్మీ, మీ మామకు జవాబు మీ షెడ్డులోనే ఉంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో మధ్యాహ్నం మూడింటికి షెడ్డులోకి వెళ్లి చూడు. కోళ్లు రెక్కలు వదిలేసి, నోళ్లు తెరిచి రొప్పుతుంటాయి. నాన్న గోనె పట్టాలు తడిపి కట్టేవాడు, పదకొండు గంటలకల్లా మేత ఎత్తేసేవాడు. ఎందుకు ఎత్తేస్తున్నావంటే "తిన్న కోడి వేడికి ఆగదురా" అనేవాడు. ఆ మాట వెనకున్న సంగతి నాకు ఇక్కడ క్లాసులో అర్థమైంది. తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. కోడికి చెమట పట్టదు కాబట్టి రొప్పుతూనే ఆ వేడిని బయటికి పంపుకోవాలి. అలా రొప్పితే రక్తంలోంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా పోయి, రక్తంలో క్షార గుణం పెరుగుతుంది. ఎండాకాలం గుడ్డు పెంకు పలచబడడానికి ఇదొక పెద్ద కారణం. నాన్నకు ఏం చేయాలో తెలుసు. ఎందుకో, ఎంతో, ఇంకా మేలైన దారేదో తెలుసుకోవడమే ఈ చదువు.

నేను మొదట ప్రొఫెసర్లకు పంపిన ఈమెయిళ్లు నలభైకి పైనే ఉంటాయి. అన్నిట్లో ఒకటే పాట: గౌరవనీయులైన సర్, మీ ప్రతిష్ఠాత్మక యూనివర్సిటీలో చదవాలని నా కోరిక అని. ఒక్కరూ జవాబివ్వలేదు. చివరికి ఎండ దెబ్బ మీద పరిశోధన చేసే ఒకాయన పేపరు రెండుసార్లు చదివి, నాన్న షెడ్డులో ఒక మే నెలలో రోజుకు ఎన్ని కోళ్లు పోయాయో, మేం ఏమేం చేశామో పది లైన్లలో రాసి, ఆయన పేపరు గురించి ఒక ప్రశ్న అడిగాను. రెండో రోజే జవాబు వచ్చింది. మీరూ అలాగే రాయండి. ఫారం పని చేశామని దాచుకోకండి. బ్రూడర్ (కోడిపిల్లలకు వేడినిచ్చే దీపం) కింద పిల్లలు ఎలా ఉన్నాయో చూసి వేడి ఎక్కువైందో తక్కువైందో చెప్పగలిగితే, దాన్ని మొదటి పేరాలోనే రాయండి.

ఇంకో సంగతి. పౌల్ట్రీ సైన్స్ పేరుతోనే ప్రత్యేక డిపార్ట్‌మెంట్ నడిపే యూనివర్సిటీలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు: ఆబర్న్, జార్జియా, ఆర్కాన్సా, మిసిసిపీ స్టేట్, నార్త్ కరోలినా స్టేట్, టెక్సస్ ఏ అండ్ ఎం. మిగతాచోట్ల చాలావరకు యానిమల్ సైన్స్ కిందే ఉంటుంది. హన్మకొండలో కన్సల్టెన్సీ వాళ్లు కంప్యూటర్ కోర్సుల లెక్కలోనే దీన్నీ చెబుతారు, ఆ లెక్క దీనికి కుదరదు. థీసిస్‌తో చేసే ఎమ్మెస్‌లో చాలామందికి అసిస్టెంట్‌షిప్ వస్తుంది. అంటే ట్యూషన్ ఫీజు మాఫీ కావడమో బాగా తగ్గడమో, నెలనెలా స్టైపెండ్. ఆ డబ్బు ఎక్కువగా ప్రొఫెసర్ ప్రాజెక్టులోంచి వస్తుంది. అందుకే ముందు ప్రొఫెసర్, తర్వాతే అప్లికేషన్. ఆగస్టులో చేరాలంటే అంతకుముందు సెప్టెంబర్ నుంచే రాయడం మొదలుపెట్టండి. అసిస్టెంట్‌షిప్ మాట లేకుండా ఒట్టి అడ్మిషన్ లెటర్ వస్తే, దాన్ని నమ్మి పొలం తాకట్టు పెట్టొద్దని గట్టిగా చెబుతాను.

ఐ-20, అంటే వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం, చేతికి రాగానే దాని మీద కోర్సు కోడ్ చూసుకోండి. పౌల్ట్రీ సైన్స్ కోడ్ 01.0907, అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల కోర్సుల) జాబితాలో ఉంది. చదువయ్యాక 12 నెలల ఓపీటీ (స్టూడెంట్ వీసా మీదే చదివిన రంగంలో ఉద్యోగం చేసుకునే అనుమతి), దానిమీద మరో 24 నెలలు పొడిగించుకునే అవకాశం ఉంటుంది. వీసా ఇంటర్వ్యూలో కోళ్ల చదువే ఎందుకని అడిగితే బట్టీ జవాబు వద్దు, మీ షెడ్డు గురించే చెప్పండి.

చెల్లె అడిగిన ప్రశ్న వేరే. బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) ఉంది కదా, ఇక్కడ పశువుల డాక్టర్‌గా పని చేయవచ్చా అని. నేరుగా కుదరదు. బయటి దేశాల్లో చదివిన వెట్ల డిగ్రీని సరిచూసే ఈసీఎఫ్‌వీజీ, పేవ్ అనే దారుల్లో ఒకటి పూర్తిచేసి, నావ్లీ అనే లైసెన్సు పరీక్ష రాసి, రాష్ట్రం లైసెన్సు తెచ్చుకోవాలి. ఖర్చూ ఎక్కువే, ఏళ్లూ పడుతుంది. చాలామంది మన వెట్లు ముందు ఎమ్మెస్, పీహెచ్‌డీ చేసి దాణా కంపెనీల్లో, హేచరీల్లో, ల్యాబుల్లో స్థిరపడ్డారు. కోళ్ల వైద్యమే ఇష్టమైతే జార్జియా యూనివర్సిటీలో మాస్టర్ ఆఫ్ ఏవియన్ మెడిసిన్ ఉంది, వెటర్నరీ డిగ్రీ ఉన్నవాళ్ల కోసం పెట్టిన కోర్సు అది. నీకు సరిపోతుందేమో చూడు చెల్లే.

ఇక్కడి పని ఎలా ఉంటుందో ముందే తెలియాలి. కోళ్ల మీద 42 రోజుల ట్రయల్ (ప్రయోగం) పెడితే ఆ 42 రోజులూ మీవే. ఆదివారం లేదు, పండగ లేదు. తెల్లవారుజామున వెళ్లి పెన్‌కో (కోళ్లను వేరుచేసి ఉంచిన గదికో) బకెట్ చొప్పున దాణా తూచి పోయాలి, చచ్చిన కోడిని తూచి రాసుకోవాలి. చివరి రోజు కోళ్లను చంపి, కాలి ఎముక తీసి, శుభ్రం చేసి, కొలిమిలో కాల్చి, మిగిలిన బూడిద తూస్తాం. ఎముకలో ఖనిజం ఎంత పట్టిందో ఆ బూడిదే చెబుతుంది. మొదటిసారి నా చేతులు వణికాయి. పక్కన ఉన్న సీనియర్ అక్క, తనది కరీంనగర్, ఏమీ అనకుండా పక్కనే నిలబడింది. చంపడం మీవల్ల కాదనుకుంటే ప్రొఫెసర్‌తో చేరకముందే చెప్పండి. ఆ పని లేని ప్రాజెక్టులూ ఉంటాయి.

మన షెడ్డుకూ ఇక్కడి షెడ్డుకూ తేడా లోపల అడుగుపెట్టగానే కళ్లకు తెలుస్తుంది, మంటలా. మనం బ్యాచ్ బ్యాచ్‌కూ ఊక ఎత్తేసి కొత్తది పోస్తాం. ఇక్కడ చెక్క పొట్టు పోసి, దాని మీదే చాలా బ్యాచ్‌లు పెంచుతారు. అందుకే రెట్టలోంచి వచ్చే అమోనియా ఘాటు. మాస్కు ఇస్తారు, తప్పకుండా పెట్టుకోండి. కారు లేకపోతే ఫారానికి చేరలేరు కాబట్టి వచ్చిన మొదటి నెలల్లోనే లైసెన్సు పని చూసుకోండి. జనవరిలో అట్లాంటాలో జరిగే ఐపీపీఈ అనే కోళ్ల, దాణా పరిశ్రమ ప్రదర్శనకు ప్రతి ఏడూ వెళ్లండి. కంపెనీలవాళ్లు విద్యార్థుల్ని అక్కడే ఇంటర్వ్యూ చేస్తారు.

చివరగా పచ్చడి గురించి. మొదటిసారి వచ్చేటప్పుడు అమ్మ నాటుకోడి పచ్చడి 2 కిలోలు పెట్టింది. ముందురోజు రాత్రంతా పొయ్యి దగ్గరే కూర్చుని వేయించింది. విమానాశ్రయంలో అడిగితే ఉందని నిజం చెప్పాను. అధికారి డబ్బా తీసుకుని నా కళ్లముందే పారేశాడు. జరిమానా పడలేదు, కానీ దాచి ఉంటే పడేది. అప్పుడు ఏడుపొచ్చింది. తర్వాత చదివితే అర్థమైంది, కోడి మాంసం వెంట కోళ్ల రోగాలు వస్తాయని వాళ్ల భయం. మనం కొక్కెర తెగులు అనే రాణిఖేత్ వ్యాధి 1971లో కాలిఫోర్నియాలో పడితే, దాన్ని ఆపడానికి దాదాపు 1 కోటి 20 లక్షల కోళ్లను చంపాల్సి వచ్చింది. 2022 నుంచి బర్డ్ ఫ్లూ ఉండనే ఉంది. కోడి పచ్చడి, ఎండు మాంసం ఏదీ పెట్టుకోకండి. చింతకాయ తొక్కు, కారప్పొడి చాలు.

సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడూ ఇదే జాగ్రత్త. మీ నాన్న షెడ్డులోకి వెళ్లినా, మేడారం జాతరలో కోడిని ఎత్తుకున్నా, తిరిగి వచ్చేటప్పుడు ఫారంలో కోళ్ల దగ్గర ఉన్నామని ఎయిర్‌పోర్టులో చెప్పాలి. యూనివర్సిటీ ఫారంలోకి కూడా కొన్ని రోజులపాటు రానివ్వరు. ఎన్ని రోజులో చోటును బట్టి మారుతుంది కాబట్టి టికెట్ కొనకముందే ప్రొఫెసర్‌ను అడిగి, ట్రయల్ తేదీలతో సరిచూసుకోండి. నేను ఊరికి వెళితే షెడ్డులోకి పోకుండా ఉండలేను. అందుకే అక్కడ వేసుకోవడానికి ఒక జత చెప్పులు, రెండు జతల బట్టలు వేరుగా ఉంచాను. అవి ఊళ్లోనే ఉంటాయి. నేను బయలుదేరిన రోజు అమ్మ వాటిని ఉతికి అటక మీద పెడుతుంది.