హైదరాబాద్ వెళ్లండి, కానీ అప్పు చేసి కాదు

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. మా ఆయన టైలర్, నెలకు 22 వేల దాకా వస్తుంది. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 9 వేలు. పాపకు 12 ఏళ్లు, బాబుకు 8. అత్తయ్య మాతోనే ఉంటారు. వైజాగ్ దాటి మేమెప్పుడూ వెళ్లలేదు, ఈసారి పిల్లలకు హైదరాబాద్ చూపించాలని ఉంది. 50 వేలు అవుతుందని అందరూ అంటున్నారు. ఇంటి ఖర్చులు, పాప పేరు మీద సుకన్యలో కట్టే వెయ్యి పోగా నెలకు 4 వేలు మిగులుతాయి. డ్వాక్రా గ్రూపు లోనులోంచి వాడుకోనా, ఫోన్‌లో వస్తున్న ఈఎంఐ తీసుకోనా, లేక సుకన్య కొన్నాళ్లు ఆపనా? అత్తయ్య అయితే ‘నాకెందుకమ్మా ఖర్చు, మీరెళ్లి రండి’ అంటున్నారు.

జవాబు: అమ్మా, ముందు వెళ్లాలనే నిర్ణయించుకోండి. పిల్లలకు 12, 8 అంటే చూసింది గుర్తుండే వయసు, ఇంకో మూడేళ్లకు పాప టెన్త్ అంటుంది, అప్పుడు మీకు డబ్బున్నా తనకు తీరిక ఉండదు. అయితే మీరు అడిగిన మూడు దారుల్లో ఒక్కటి కూడా వద్దు.

ఈఎంఐ సంగతి చూద్దాం. 50 వేలు, ఏడాదికి 24 శాతం వడ్డీ, 12 నెలలు అనుకుంటే నెలకు సుమారు 4,728 కట్టాలి. మీకు మిగిలేదే 4 వేలు. అంటే మొదటి నెల నుంచే ఏ పాల ఖాతాలోనో, స్కూలు ఫీజులోనో కోత పడుతుంది, పైగా వడ్డీకే 6,700 పోతుంది, ప్రాసెసింగ్ ఫీజు వేరు. గ్రూపు లోను అంటారా, దాంతో మీ ఆయన ఓవర్‌లాక్ మిషన్ కొంటానంటే నేనే తీసుకోమంటాను, ఆ మిషనే తన వాయిదా తాను సంపాదించుకుంటుంది. ప్రయాణం తిరిగి ఏమీ సంపాదించిపెట్టదు కదా. ఒక నెల మీకు కుదరకపోతే ఆ భారం గ్రూపులో మిగతా ఆడవాళ్ల మీద పడుతుంది, రోజూ మొహాలు చూసుకునే వాళ్ల మధ్య ఆ ఇబ్బంది ఎందుకు? సుకన్యలో ఏడాదికి కనీసం 250 కడితే ఖాతా నిలబడుతుంది, నిజమే. కానీ ఒకసారి ఆపడం అలవాటైతే మళ్లీ మొదలుపెట్టడం ఎంత కష్టమో చాలా ఇళ్లలో చూశాను, దాని జోలికి వెళ్లకండి.

మా ఇంట్లో మొదటి హైదరాబాద్ ప్రయాణం చేబదులు డబ్బుతోనే జరిగింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో పాత గడియారం ఒకటుంది, గంట గంటకీ ఒక చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది, అది చూడ్డానికి జనం ముందే వచ్చి కూర్చుంటారు. మేమూ కూర్చున్నాం. బొమ్మ వచ్చింది, పిల్లలందరం కేరింతలు కొడుతున్నాం, తిరిగి చూస్తే అమ్మ కొంగు ముడి విప్పి నోట్లు లెక్కపెట్టుకుంటోంది. ఆ బొమ్మని అమ్మ చూడలేదు. మీకలా జరగకూడదు, అందుకే రైలెక్కేలోపు ఈ ప్రయాణానికయ్యే ప్రతి రూపాయీ మీ దగ్గర ఉండాలంటున్నాను.

అసలు 50 వేలు ఎందుకవుతుంది? ఏసీ బోగీ, రోజంతా కారు, రామోజీ ఫిల్మ్ సిటీ కలిపితే అవుతుంది. ఫిల్మ్ సిటీ బాగానే ఉంటుంది కానీ పెద్దవాళ్లకు టికెట్టే వెయ్యి దాటుతుంది, ఊరికి దూరం కాబట్టి రానుపోను ఖర్చు, లోపల తిండి ఖర్చు అదనం. ఐదుగురికి ఆ ఒక్క రోజుకయ్యే డబ్బుతో మిగతా ఊరంతా చూడొచ్చు. ఈసారికి వదిలేయండి.

నేను వేసిన లెక్క ఇది. స్లీపర్‌లో బెర్తుకు 500 చొప్పున రానుపోను ఐదుగురికి 5 వేలు. 12 నిండిన పాపకు ఎలాగూ పూర్తి టికెట్టే, బాబుకు బెర్తు లేకుండా సగం ఛార్జీకే తీసుకోవచ్చు కానీ రాత్రంతా ఒకే బెర్తు మీద ఇద్దరు పడుకుంటే పొద్దున్న ఇంక తిరగలేరు, అక్కడ పొదుపు చేయకండి. రెండు రాత్రులకు గది, 5 శాతం జీఎస్టీతో కలిపి 4,200. పొద్దున్నే దిగుతారు కాబట్టి 24 గంటల చెక్‌ఇన్ ఉన్న లాడ్జి అడగండి, లేకపోతే మధ్యాహ్నం దాకా సామాన్లతో స్టేషన్లో కూర్చోవాలి. మూడు రోజుల తిండి 4,500, ఊళ్లో తిరగడానికి 3 వేలు, చూసే చోట టికెట్లకు 1,500, కొనుక్కోవడానికి 4 వేలు, అనుకోని అవసరానికి 3 వేలు.

ఇంకొకటుంది, దీన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు. షాపు మూసిన రోజులు. మీ ఆయనకు పనిరోజుకు సుమారు 850 పడుతోంది, నాలుగు రోజులు మిషన్ ఆగితే 3,400. మీ స్కూల్లో జీతం కోస్తే ఇంకో 1,200. తిరిగొచ్చిన నెలలో సరుకులకు తడుముకోవాల్సి వచ్చేది ఇక్కడే, అందుకే ఈ 4,600 కూడా ప్రయాణం డబ్బులోంచే ఇంటి ఖర్చుకు పక్కన పెట్టి బయల్దేరండి. అన్నీ కలిపితే 29,800. ముప్పై వేలు అనుకోండి.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా షాపే చెబుతుంది. జూన్‌లో యూనిఫాంలు, తర్వాత దసరా, ఆ తర్వాత భోగి ముందు రాత్రి దాకా సంక్రాంతి బట్టలు. కనుమ వెళ్లాక పని తగ్గుతుంది, కానీ ఆ వారంలో మాత్రం వద్దు, పండక్కొచ్చిన హైదరాబాద్ వాళ్లంతా అప్పుడే తిరిగి వెళ్తారు, విజయనగరంలో రైలెక్కడమే యుద్ధం. జనవరి చివరి వారం చూసుకోండి. మాఘమాసం ముహూర్తాలు మొదలైతే జాకెట్ల పని మళ్లీ మీద పడుతుంది కాబట్టి ఒకసారి పంచాంగం కూడా చూడండి. ఎండ ఉండదు, నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ కూడా అప్పుడు జరుగుతూ ఉంటుంది. సోమవారం సాయంత్రం బయల్దేరితే మంగళ, బుధ, గురు తిరిగి గురువారం రాత్రి రైలెక్కొచ్చు. సాలార్‌జంగ్‌కు శుక్రవారం, జూపార్కుకు సోమవారం సెలవు, ఈ మూడు రోజుల్లో రెండూ తెరిచే ఉంటాయి. పిల్లలకు నాలుగు రోజులు బడి పోతే ఏమీ కాదు, టీచరుగా మీకు నేను చెప్పక్కర్లేదు.

ఈ జూన్ నుంచి జనవరికి ఎనిమిది నెలలు. నెలకు 2,750 తీస్తే 22 వేలు. యూనిఫాంల సీజన్లో ఒక 4 వేలు, దసరాకి ఒక 4 వేలు మీ ఆయన పైడబ్బులోంచి అడగండి, ముప్పై అయిపోయింది. మిగిలే 4 వేలల్లో 1,250 ఇంకా మీ చేతిలోనే ఉంటుంది, జ్వరాలకీ చుట్టాలకీ. మొదటి ఆరు నెలల 2,750 బ్యాంకులో ఆర్డీ, అంటే నెలనెలా కట్టే డిపాజిట్, కట్టండి, పోస్టాఫీసులో వద్దు, అక్కడ ఆర్డీ ఐదేళ్లది, మూడేళ్లలోపు మూయనివ్వరు. ఆరు నెలలకు వడ్డీ మూడు వందలు కూడా రాదు, అది నాకూ తెలుసు. ఇంట్లో డబ్బాలో ఉంటే వినాయక చవితి చందా నుంచి గ్యాస్ బండ దాకా అన్నీ దాని మీదే పడతాయి కాబట్టి కట్టమంటున్నాను. మీ ఆయన ఇచ్చే ఆ 8 వేలూ మాత్రం సేవింగ్స్‌లో ఉంచండి, నవంబరు ఆఖర్లో రైలు టికెట్లకు, గది అడ్వాన్సుకు అవే కావాలి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ రోజు పొద్దున్న 8 గంటలకే చేయించండి.

అక్కడికెళ్లాక డబ్బు పెద్ద టికెట్ల దగ్గర పోదు. చార్మినార్, గోల్కొండ మనిషికి పాతిక రూపాయలు, 15 ఏళ్లలోపు పిల్లలకు ఉచితం. గోల్కొండలో పిల్లలు ఎక్కువసేపు ఆడుకునేది కూడా డబ్బు లేని ఆటే. కోట లోపలికి వెళ్లే ద్వారం గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే పైన గుట్ట మీదున్న బాలాహిస్సార్ దగ్గర వినిపిస్తుంది, ఒకళ్లు కింద ఒకళ్లు పైన ఉండి చూడండి. డబ్బంతా ఆటోల్లో పోతుంది. మెట్రో, సిటీ బస్సు వాడుకుని, అవి పోని చోటికే ఆటో ఎక్కండి. ఒక విషయం గుర్తుంచుకోండి, మన దగ్గర చీపురుపల్లి నుంచి విజయనగరానికి మీకూ అత్తయ్యకూ బస్సు ఉచితమే కానీ హైదరాబాద్‌లో ఆ ఉచితం తెలంగాణ ఆడవాళ్లకే, అక్కడ ఆధార్ చూపించి వాదించకండి, టికెట్ తీసుకోండి.

ఇక ‘ఏం తెచ్చారు’ అని అడిగే వాళ్లు. వెళ్లేముందే పేర్లు రాసుకోండి, ఆ కాగితంలో లేని ఇంటికి ఏమీ కొనకండి. ఉస్మానియా బిస్కెట్లు ఒక్కో ఇంటికి ఒక్కో ప్యాకెట్ చాలు. లాడ్ బజార్‌లో మీకూ పాపకూ గాజులు మాత్రం మనసుకు నచ్చినవి కొనుక్కోండి, ఆ 4 వేలు అందుకే పెట్టాను.

చివరగా అత్తయ్య. ఆవిడ రాకపోతే మిగిలేది ఎంతో తెలుసా? రైలుకు వెయ్యి, తిండికి 900, బస్సులూ టికెట్లూ ఐదారు వందలు. మొత్తం రెండున్నర వేలు. గదీ, ఆటో ఎలాగూ అవే. ఈ లెక్క ఆవిడకు మీరు కాదు, మీ ఆయన చెబితే మేలు. చార్మినార్ 149 మెట్లు, గోల్కొండ మెట్లు ఆవిడ ఎక్కక్కర్లేదు, కింద కూర్చుని చూసినా చాలు. టికెట్ చేయించేటప్పుడు మాత్రం ఆవిడది మీ నలుగురితో కలపకుండా విడిగా, లోయర్ బెర్త్ కోటాలో అడగండి, 45 దాటిన ఆడవాళ్లకు ఆ కోటా ఉంది కానీ ఐదుగురూ ఒకే టికెట్ మీద ఉంటే వర్తించదు. బోగీ వేరే పడితే మీ ఆయన బాబుని తీసుకుని రాత్రి ఒకసారి వెళ్లి చూసి రావచ్చు, పొద్దున్న దిగే ముందు ఇంకోసారి.