గుర్రంతో హైదరాబాద్‌కు మారుతున్నారా? ముందు మేత సంగతి చూసుకోండి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. ఒక ఆడగుర్రాన్ని పెంచుకుంటూ రోజూ స్వారీ చేస్తున్నాను. దాని వయసు 6 ఏళ్లు, బరువు 300 కిలోల దాకా ఉంటుంది. జొన్న చొప్ప, వేరుశనగ కట్టె (కాయలు కోసిన ఎండు మొక్కలు), నానబెట్టిన ఉలవలు పెడుతున్నాం. ఉద్యోగం రావడంతో వచ్చే నెల హైదరాబాద్ వెళ్తున్నాను. మొయినాబాద్ వైపు ఒక షెడ్డు చూశాను. అక్కడ సూపర్ నేపియర్ గడ్డి, తవుడు దొరుకుతాయట. గుర్రాన్ని ఎలా తీసుకెళ్లాలి? వెళ్లగానే స్వారీ చేయవచ్చా?
– ఒక యువ రైతు

జవాబు: మీరు ప్రయాణం గురించి అడిగారు కానీ, నాకు అంతకంటే ఎక్కువ టెన్షన్ పెడుతున్నది మీరు చెప్పిన మేత. ఊరు మారిన గుర్రాలకు ఎక్కువగా వచ్చేది కడుపునొప్పి. గుర్రం తిన్న పీచు పెద్దపేగులో ఉండే సూక్ష్మజీవుల వల్ల అరుగుతుంది. మేత ఒక్కసారిగా మారితే అవి తట్టుకోలేవు. గ్యాస్ పట్టినా, మేత అడ్డుపడినా గుర్రం వాంతి చేసుకోలేదు. అందుకే మనకు మామూలుగా అనిపించే నొప్పి కూడా దాని ప్రాణం మీదికి వస్తుంది.

కనీసం 15 రోజులకు సరిపడా చొప్ప, కట్టె ఇక్కడి నుంచే తీసుకెళ్లండి. మీ గుర్రానికి రోజుకు 5 నుంచి 6 కిలోల ఎండుమేత కావాలి. ఆ లెక్కన 90 కిలోలు దగ్గర పెట్టుకోండి. కట్టె బూజు పట్టకుండా చూడాలి, బూజు వాసన వస్తే పారేయండి. కొత్త మేతను మొదట పావు వంతు కలిపి, 10 నుంచి 14 రోజుల్లో నెమ్మదిగా పెంచండి. ఉలవలు మానేసి వేరే దాణాకు వెళ్లాలన్నా ఇదే పద్ధతి.

సూపర్ నేపియర్, తవుడు మాత్రమే పెట్టి పోషించే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి. నేపియర్ గడ్డిలో ఉండే ఆక్సలేట్లు అనే పదార్థాలు మేతలోని కాల్షియాన్ని పట్టి ఉంచేస్తాయి. ఆవులు, గేదెల పొట్టలోని సూక్ష్మజీవులు వాటిని చాలావరకు విరగ్గొడతాయి, గుర్రానికి ఆ వీలు లేదు. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. రెండూ కలిస్తే ఎముకల్లోని కాల్షియం కరిగి, నెలల తరబడి పెట్టాక గుర్రం కుంటడం, ముఖం ఎముకలు ఉబ్బడం మొదలవుతుంది. నేపియర్‌ను కొంత మాత్రమే వాడి, మిగతాది ఎండుగడ్డి, కాల్షియం బాగా ఉండే లూసర్న్ పశుగ్రాసం వేయండి. తవుడు గుప్పెడుకు మించవద్దు. మరో మాట: పశువుల దాణా, కోళ్ల మేత ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. వాటిలో కొన్నిసార్లు కలిపే మొనెన్సిన్ వంటి మందులు కొద్ది మోతాదులోనే గుర్రం గుండెను దెబ్బతీసి చంపేస్తాయి.

నీళ్ల రుచి మారితే కొన్ని గుర్రాలు తాగవు. బయలుదేరే వారం ముందు నుంచే నీళ్లలో కాస్త బెల్లం కలిపి అలవాటు చేయండి. అక్కడా అలాగే ఇస్తే తేడా తెలియదు. రోజుకు 20 నుంచి 25 లీటర్లు, ఎండాకాలం ఇంకా ఎక్కువ తాగాలి.

రాష్ట్రం దాటుతున్నారు కనుక పశువైద్యాధికారి ధ్రువపత్రం దగ్గర ఉండాలి. గ్లాండర్స్ అనే గుర్రాల అంటువ్యాధి పరీక్షకు రక్తం ఇప్పుడే ఇప్పించండి. నిర్ధారణ హర్యానాలో హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో జరుగుతుంది కాబట్టి ఆలస్యం కావచ్చు. ఈ జబ్బు మనుషులకూ సోకుతుంది, టీకా లేదు. ధనుర్వాతం టీకా వేయించి చాలాకాలమైతే, ప్రయాణానికి రెండు వారాల ముందే వేయించండి.

లారీ ఎక్కడం అలవాటు లేకపోతే, ముందు కొన్ని రోజులు ఆగి ఉన్న బండిలోనే దాణా పెట్టండి. కింద జారకుండా ఇసుక మీద గడ్డి పరచండి. ఎదురుగా వచ్చే వాహనాలకు బెదరకుండా తల ఎడమ వైపు ఉండేలా నిలబెట్టాలని 1978 నాటి పశు రవాణా నియమాలు చెబుతున్నాయి. అవే నియమాల్లో వేగం గంటకు 35 కిలోమీటర్లు మించకూడదని ఉంది. అంటే రాత్రంతా ప్రయాణమే. సాయంత్రం బయలుదేరి డోన్, కర్నూలు, జడ్చర్ల దగ్గర ఆపి నీళ్లు పట్టండి. ఆపినప్పుడల్లా తాడు వదులు చేసి తల కిందికి దించనివ్వాలి. గంటల తరబడి తల పైకి కట్టేస్తే ముక్కు, గొంతులోని కఫం, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా వస్తుంది. చాలామంది పట్టించుకోని విషయం ఇది.

వెళ్లాక మూడు రోజులు జీను వేయకండి. చేత్తో పట్టుకుని నడిపించండి. ఆ తర్వాత మట్టి బాటల మీద నడక, మెల్లని పరుగు. తారు రోడ్డు మీద లాడాలు జారతాయి, గిట్టలు త్వరగా అరుగుతాయి. ఆరేడు వారాలకోసారి లాడాలు మార్చేవారు అక్కడ ఎవరున్నారో ముందే కనుక్కోండి. చుట్టుపక్కల పెళ్లి ఊరేగింపుల గుర్రాలుంటే రెండు మూడు వారాలు వాటితో కలపవద్దు. నీళ్ల తొట్టి, బకెట్ మీవి మీకే ఉండాలి.

తొలి వారం ఉదయం, సాయంత్రం జ్వరం చూడండి. 101.5 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినా, లద్దె వేయకపోయినా, డొక్కల వైపు పదేపదే చూస్తూ కాలితో నేల గీరినా, దొర్లినా వెంటనే మేత తీసేసి పశువైద్యుణ్ణి పిలవండి. ఆయన వచ్చేలోగా గొట్టంతో నూనె పోయకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గుర్రాలు చూసే వైద్యులు నగరంలో కూడా కొందరే ఉంటారు. షెడ్డు అద్దె అడ్వాన్సు ఇచ్చేముందే ఒకరితో మాట్లాడి, రాత్రిపూట వస్తారో లేదో అడిగి ఉంచుకోండి.